ఏడో ట్యాంకు

బందరువానిపేట తెప్పల రేవు దాటాక
సరుగుడు తోపుకి ఆనుకుని మా రొయ్యపిల్లల హేచరీ.
రెండేళ్లుగా సగం ట్యాంకులు ఎండే ఉన్నాయి.
బ్లోయరు మోత మాత్రం ఆగదు,
ఆగితే నాకు మెలకువ వచ్చేస్తుంది.

మాఘంలో ఓ పొద్దున్న
సూరాడ దానమ్మ ఒక తాడుముక్క పట్టుకొచ్చింది.
దాని నిండా గుత్తులు గుత్తులుగా
చిటికెనవేలి గోరంత ముంజెలు.
"ఏటేటా గీకి పారేస్తన్నాం బాబూ,
కాకులు కూడా ముట్టవు.
రాత్రి దీపం కాడ ఎట్టి సూసినాను.
లోపల్నుంచి ఎవుడో నన్ను సూసినాడు."

కందవాయి గుడ్లు.
ఎగుమతి కాగితాల మీద కటిల్ ఫిష్ అని రాసేది,
ఆవిడ షెడ్డులో కిలోకి ఇంతని ఒలిచేది,
దేని సిరా గోళ్లలో ఇంకిపోయి
పెళ్లి భోజనాల్లో చెయ్యి దాచుకుంటుందో
అదే.

ఏడో ట్యాంకు కడిగాం.
వెదురుబద్దకి తాడు వేలాడగట్టి
నేను చదువుకున్నదంతా చెప్పాను:
మూడు గుండెలు, నీలం నెత్తురు,
రంగులు కనపడవు,
అయినా దేని మీద వాలితే దాని రంగవుతుంది.
"కనపడాపోతే ఏటి? ఒంటికి తెలస్తాది.
సీకట్లో వల అల్లే మా మావకి
కళ్లున్నాయా?"

"తల్లేదీ?" అంది.
గుడ్లు పెట్టాక ఉండదు.
పిల్లకి ఎవరూ ఏదీ నేర్పరు.
గుడ్డులో ఉండగానే
గోడ అవతల ఏం కదిలిందో చూసుకుంటుంది,
బయటికొచ్చి దాన్నే వేటాడుతుంది.

దానమ్మ ఏమీ అనలేదు.
మర్నాడు ఆవకాయ సీసా నిండా
వంశధార మొగలో తోడిన సన్నరొయ్య,
బతికున్నది,
గుడ్ల పక్కన నీళ్లలో దించి
సీసా మూత గట్టిగా బిగించింది.

పంతొమ్మిదో రాత్రి పగిలాయి.
బొబ్బరిగింజంత పిల్ల.
అప్పుడే దానికి పది చేతులు, వీపులో ఎముక, సిరాబుడ్డి.
కంటిపాప ఒక వంకర గీత,
చెయ్యి వణికే ముసలాయన పెట్టిన సంతకంలా.
టార్చి వేస్తే
తనంత నల్లని బొమ్మనొకదాన్ని నీళ్లలో నిలబెట్టి
తను తెల్లగా జారుకుంది.

మేత దగ్గర ఓడిపోయాను.
చచ్చింది తినదు.
కదలనిది దాని లోకంలో లేనే లేదు.
పొడి మేతని దారానికి కట్టి ఆడించాను,
సిగ్గుపడుతూ.
ఓనరు గుణశేఖరం ఫోనులో
"పిల్లకి ఎంత పడుతుందో లెక్క తియ్యవోయ్" అన్నాడు.
లెక్క నా దగ్గర ఉంది. చెప్పలేదు.

ప్రతి ఆటుకీ మోకాల్లోతు దిగి
పాత చీర కొంగుతో సన్నరొయ్య వడగట్టింది దానమ్మ.
పగలు ఒలవడం, రాత్రి పెంచడం.
ట్యాంకులో చెయ్యి పెట్టేముందు
చింతపండుతో గోళ్లు తోముకునేది.
"ఈటి సుట్టాల వాసన పట్టేస్తాయేమో."

రెండువందల నలభైలో
పెద్దవి చిన్నవాటిని మింగాయి,
ఒక రాత్రి కరెంటు యాభైని మింగింది.
ముప్పై ఒకటి మిగిలాయి.
వాటిలో ఒకటి
దానమ్మ ముంజేతి పక్కన వచ్చి నిలబడి
పచ్చబొట్టు చుక్కల్ని
తన వీపు మీద దించుకోబోయి
ఒక చుక్క ఎక్కువ పెట్టింది.
ఆవిడ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఎనిమిదో నెలలో అవే తాడు వెతుక్కున్నాయి.
గుడ్లు పెట్టినవి పెట్టినట్టు వడిలి,
తోలు తెల్లబడి,
ఒక్కొక్కటే అడుగున పడుకున్నాయి.
కొన్నాళ్లకి ఎముక ఒకటి పైకి తేలింది,
అరచేతంత, కాగితమంత బరువు.
"సముద్రపు నురగ.
సిన్నప్పుడు సెవిలో సీము కారితే
మాయమ్మ అరగదీసి పోసీది."
కిటికీలో ఆరబెట్టింది.
రిజిస్టరులో "మరణాలు" గడి నింపాను.
"రాబడి" గడిలో పెన్ను ఆనించి
ఎత్తేశాను.

రోడ్డు మీద షెడ్డు వ్యాను హారన్ కొట్టింది.
ఆ వేళ లోడు కందవాయే.
దానమ్మ సీసా తెచ్చి
కొత్త గుత్తుల పక్కన దించి
"సూసుకోండి" అని,
చెయ్యి చీరకి తుడుచుకుంటూ
ఎక్కింది.